గుమ్మడికాయ కొట్టాక పెట్టిన గోరింటాకు

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీ ముందు కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే ఏదో పాత సినిమా మొదలైంది. పక్కన మా మనవరాలు ముఖానికి తడి కాగితం లాంటిదేదో అతికించుకుని, కళ్ళు, ముక్కు, నోరు మాత్రం బయటపెట్టి సోఫాలో వెనక్కి వాలి ఉంది. వాళ్ళ గదిలో అద్దం ముందు ఇలాంటి సీసాలు, ట్యూబులు ఒక చిన్న మందుల కొట్టంత ఉంటాయి లెండి. తెర మీద హీరోయిన్ మల్లెపూలు కడుతోంది. ముఖం కాసేపు, చేతులు కాసేపు చూపిస్తున్నారు. అది ఒక కన్ను తెరిచి చూసి, "అమ్మమ్మా, ఆవిడ చేతులు చూడు, ఎంత స్మూత్‌గా ఉన్నాయో. అప్పట్లో ఏం క్రీములు వాడేవాళ్ళో ఏంటో" అంది.

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఆ చేతులు హీరోయిన్‌వి కావండి. మా అక్కవి.

మా అమ్మ పోయిన ఏడాది, నాకు పదిహేనేళ్ళప్పుడు, తెనాలి దగ్గర మా ఊరి నుంచి అక్క నన్ను తన దగ్గరికి తెచ్చుకుంది. బావ సినిమాలకి లైట్లు పెట్టే పని చేసేవాడు. సినిమావాళ్ళు మద్రాసు వదిలి ఒక్కొక్కరుగా హైదరాబాదు చేరుతున్న రోజులవి. పెద్దవాళ్ళు శ్రీనగర్ కాలనీలో, జూబ్లీహిల్స్‌లో దిగితే, లైట్లు మోసేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, మాలాంటివాళ్ళం రహమత్ నగర్‌లో రెండు గదుల వాటాలు చూసుకున్నాం. అప్పటి జూబ్లీహిల్స్ అంటే ఇప్పటి పిల్లలకి చెప్పినా నమ్మరు. ఎటు చూసినా బండరాళ్ళు, సీతాఫలం పొదలు, మధ్యలో దూరం దూరంగా ఒక్కో మేడ, ఆ మేడల్లోనే షూటింగులు. ఫిలింనగర్‌లో సగం జాగాలకి హద్దు రాళ్ళు తప్ప ఏమీ లేవు. మధ్యాహ్నం బావకి క్యారేజీ తీసుకుని అక్క, నేను ఆ ఎత్తు రోడ్డు ఎక్కి వెళ్ళేవాళ్ళం, నెమళ్ళు మమ్మల్ని చూసి భయపడను కూడా భయపడేవి కావు.

అలా వెళ్ళిన ఒక రోజున హీరోయిన్‌కి చేతుల నిండా దద్దుర్లు లేచి, దీపం వెలిగించే షాటు ఆగిపోయి ఉంది. అందరూ తలలు పట్టుకుని కూర్చున్నారు. కెమెరా ఆయన ఊరికే అటూ ఇటూ చూస్తూ, ఓ మూల క్యారేజీ గిన్నెలు విప్పుతున్న మా అక్క చేతులు చూశాడు. ఇంకేముంది, పట్టుచీర కొంగు భుజాన వేసి, గాజులు తొడిగి, అగ్గిపుల్ల చేతికిచ్చారు. మర్నాటికి ఆ పేరు వచ్చేసింది, చేతుల డూపు అని. పూలు కట్టే చేతులు, వీణ మీద వేళ్ళు, ఉత్తరం మడిచే చేతులు, పసిబిడ్డ బుగ్గ నిమిరే చెయ్యి, ఇలా ముఖం ఎవరిదైనా దగ్గరగా చూపించే చేతులు చాలా సినిమాల్లో మా అక్కవే. ముఖం మాత్రం ఒక్కదానిలోనూ లేదు.

ఇక ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ చేతుల చుట్టూనే అన్నీ తిరిగేవి. వాటిని ఎలా చూసుకోవాలో చెప్పినవాడు మేకప్ బాబాయి. మద్రాసులో నలుపు తెలుపు బొమ్మల కాలం నుంచీ ముఖాలకి రంగులేసిన మనిషి, మాకు చుట్టం కాకపోయినా చుట్టం కంటే ఎక్కువ. పైన ఎంత పూసినా కింద చర్మం బాగోలేకపోతే లైటు దాన్ని పట్టిచ్చేస్తుందనేవాడు. కాబట్టి సబ్బు మానిపించాడు. పెసలు, గుప్పెడు బియ్యం, ఎండబెట్టిన బత్తాయి తొక్కలు, గులాబీ రేకులు, కచ్చూరాలు కలిపి పిండిమరలో ఆడించి తెచ్చేదాన్ని, అదే సున్నిపిండి, ఒంటికీ చేతులకీ. అన్నం వార్చిన గంజి గోరువెచ్చగా ఉన్నప్పుడు అక్క చేతులు అందులో పెట్టుకుని కూర్చునేది. పడుకోబోయే ముందు పాల మీగడ మర్దనా చేసి, దాని మీద రెండు చుక్కలు కొబ్బరినూనె రాసి, బావ పాత మేజోళ్ళు ఉతికినవి చేతులకి తొడిగేదాన్ని. ఎండలోకి వెళ్తే చేతులు కొంగులోకి. రోజూ రెండు పూటలా మజ్జిగ, వేళకి నిద్ర. పెద్ద ఖర్చు లేని పద్ధతులు, అయితే ఒక్క రోజు కూడా తప్పడానికి లేదు.

మొదట్లో ఒకసారి నేను తెలివి ఉపయోగించి ఆ పిండిలో రెండు పసుపు కొమ్ములు వేసి ఆడించాను. మనకి పసుపు లేకపోతే సున్నిపిండి అనిపించదు కదా. లైటు పడేసరికి చేతులు పచ్చగా మెరిసిపోయాయట. "ఏమ్మా చిన్నమ్మాయ్, మీ అక్కని షూటింగుకి పంపించావా, పులిహోర కలపడానికి పంపించావా" అని బాబాయి నన్ను చాలా రోజులు ఏడిపించాడు.

చేతులు పాడవుతాయని అక్క ఇంటి పని ముట్టుకోకూడదు. వంకాయ తరిగితే మరక, చింతపండు పిసికితే మరక, బూడిదతో అంట్లు తోమితే గోళ్ళు పోతాయి. అవన్నీ నేను చేసేదాన్ని. నా చేతులు గరుకు తేలి వేళ్ళ సందుల్లో పగిలేవి, అక్క చేతులు మాత్రం వెన్నముద్దల్లా ఉండేవి. నేను ఒక్కనాడూ బాధపడలేదు సుమండీ, నా గారాబమంతా ఆ చేతుల మీదే. బాధపడింది అక్కే. ఆవకాయ అన్నం తినాలన్నా గోళ్ళకి ఎరుపు దిగుతుందని నేనే కలిపి నోట్లో పెట్టేదాన్ని. ముద్ద మింగుతూ, "పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఇంకా చంటిపిల్లలా తింటున్నానే, నా చేతులు నావి కావు, అద్దెకిచ్చేశాను" అని నవ్వేది. ఆ నవ్వులో ఏదో ఉండేది, అప్పుడు నాకు తెలిసేది కాదు.

అన్నిటికంటే ఆమెకి లోటు గోరింటాకు. ఎప్పుడు పిలుపు వస్తుందో తెలియదు, పెట్టుకున్నాక పది పదిహేను రోజులు పోదు, అందుకని పన్నెండేళ్ళలో ఒక్క ఆషాఢంలోనూ అక్క గోరింటాకు పెట్టుకోలేదు. సినిమాల్లో ఎన్నిసార్లు పెళ్ళికూతురి చేతులైందో లెక్క లేదు. అక్కడ పుల్లతో ఎర్రరంగు ముగ్గులా వేసేవారు, షాటు అయిపోగానే నూనె దూదితో తుడిస్తే పోయేది. మా వాటా వెనకాలే ఇంటి ఓనరమ్మ గోరింటాకు చెట్టు ఉండేది. ఇక్కడివాళ్ళు దాన్ని మైదాకు అంటారు. ప్రతి ఏడాది ఆవిడ వచ్చి, "ఏందమ్మా, ఆషాఢం వచ్చె, ఆడపిల్ల చేతులు గట్ల తెల్లగ పెట్టుకుంటదా? చెట్టు గీడనే ఉండె, జర దెంపుకోరాదూ?" అనేది. అక్క చేతులు కొంగులో దాచుకుని నవ్వేసి ఊరుకునేది. మేం పెట్టుకుంటుంటే పక్కన కూర్చుని ఆ వాసన పీల్చేది.

ఎనభైల చివర్లో అనుకుంటా, ఇదిగో మొన్న టీవీలో వచ్చిన ఈ సినిమా తీస్తున్నారు. అందులో హీరోయిన్ బిడ్డని కని చనిపోతుంది. ఆ ఇంటికి పక్కింటి ఆవిడ ఒకామె వచ్చి పసిగుడ్డుని చేతుల్లోకి తీసుకుంటుంది. ముందు చేతులు, తర్వాత ఆవిడ ముఖం, ఒక్క మాట. అంతే వేషం. డైరెక్టరుగారు అక్కని పిలిచి, ఇన్నేళ్ళుగా నీ చేతులే చూపిస్తున్నాం, ఈసారి ముఖం కూడా చూపిద్దాం అన్నారట. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా ఆ సంగతి చెప్పింది అక్క. వయసు ముప్పై నాలుగు దాటింది, పిల్లలు లేరు, ఊళ్ళో చుట్టాలు సినిమాల్లో ఉన్నావుగా ఏదీ చూపించు అంటే చూపించడానికి ఏమీ లేదు. చేతులు నావి అంటే ఎవరు నమ్ముతారు? ఆ ఒక్క షాటు వస్తే ఊరికి వెళ్ళి అందరినీ సినిమాకి తీసుకెళ్తానంది.

ఆ రోజు నుంచి చేతులకి చేసిన సేవంతా ముఖానికి కూడా మొదలైంది. కాఫీ మానేసింది. పొద్దున్నే కీరాదోసకాయ రసం, సాయంత్రం శనగపిండిలో పెరుగు. అద్దం ముందు నిలబడి ఆ ఒక్క మాటా వందసార్లు చెప్పుకునేది. షూటింగు రోజున చేతుల షాటు తీశారు, బిడ్డని అందుకునేది. ముఖం తీసేలోపు వాన పట్టుకుంది, మిగతాది రేపు అన్నారు. ఆ రేపు రాలేదు. హీరోగారి డేట్లు అయిపోయాయని ఒకసారి, సెట్టు తీసేశారని ఒకసారి. ఇలా రెండు వారాలు గడిచాక ఓ ఆదివారం పొద్దున్న బావ వచ్చి, గొంతు తగ్గించి, గుమ్మడికాయ కొట్టేశారు అన్నాడు.

సినిమా మొదలుపెట్టేటప్పుడు కొబ్బరికాయ, అయిపోయాక దిష్టికి గుమ్మడికాయ కొడతారు. గుమ్మడికాయ కొట్టేశారంటే ఇక ఆ సినిమాకి షూటింగు లేదన్నమాట. అక్క షాటు వదిలేశారని మాకు అర్థమైంది. అక్క ఏడవలేదు. ఇస్త్రీ చేసి పెట్టుకున్న చీర పెట్టెలో పెట్టి, వచ్చి, ఓ కాఫీ పెట్టవే అంది. చాన్నాళ్ళకి తాగే కాఫీ.

ఏం చేస్తే ఆమె మనసు కుదుటపడుతుందో తెలియక నేను వెనక్కి వెళ్ళి ఓనరమ్మ చెట్టు ఆకు దూసుకొచ్చి, కాస్త చింతపండు వేసి రోట్లో మెత్తగా రుబ్బాను. ఎలాగూ షూటింగు లేదుగా, ఆషాఢం వెళ్ళిపోకముందే పెట్టించుకో అన్నాను. వద్దంది. నేను పట్టుబట్టాను. మధ్యాహ్నమంతా రెండు చేతులూ ఒళ్ళో పెట్టించుకుని, అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకి టోపీలు పెట్టాను. సాయంత్రం కడిగితే, పన్నెండేళ్ళుగా మీగడ తాగిన చర్మం కదండీ, మందారపువ్వులా పండింది. అక్క ఆ చేతులు పట్టుకుని వాటాలన్నిటికీ తిరిగి చూపించింది. ఓనరమ్మ ఆ చేతులు పట్టుకుని, "ఇప్పుడు నువ్వు మా ఇంటి బిడ్డ తీరున్నవ్" అంది. అంత ఆనందంగా అక్కని నేను ఆ తర్వాత చూడలేదు.

మర్నాడు పొద్దున్న బావ పనికి వెళ్ళిపోయాక వాకిట్లో కంపెనీ వ్యాను ఆగింది. ప్రొడక్షన్ మేనేజరు గుమ్మంలోంచే, "అక్కయ్యగారూ, మీ షాటు ప్యాచ్ వర్కులో పెట్టారండీ. నేను ఇంకో ఇద్దర్ని ఎక్కించుకుని గంటలో వస్తా, రెడీగా ఉండండి" అని వెళ్ళిపోయాడు. గుమ్మడికాయ కొట్టాక కూడా మిగిలిపోయిన తునకలు తీసుకుంటారనీ, దాన్ని ప్యాచ్ వర్కు అంటారనీ నాకు తెలియదు. లైట్ల దగ్గర పుట్టి పెరిగినట్టుండే బావకి తెలుసు, తెలిసీ ఆ చిన్న షాటు కోసం మళ్ళీ రారనుకున్నాడట.

అక్క గోడకి ఆనుకుని చేతులు చూసుకుంటూ కూర్చుండిపోయింది. బిడ్డని అందుకున్న చేతులు ఆ రోజు షాటులో తెల్లగా తీసి ఉన్నాయి. చావు జరిగిన ఇంట్లోకి ఎర్రగా పండిన గోరింటాకుతో ఎవరు వస్తారు? ముందు నిమ్మకాయ చెక్కలు, తర్వాత చాకలి సోడా వేసి రుద్దాను. రంగు నారింజకి తిరిగిందే గానీ పోలేదు. అప్పుడు నా బుర్రకి తట్టింది. వానాకాలం కదా, నీళ్ళ సంపులో వెయ్యడానికి ఓనరమ్మ తెచ్చిన బ్లీచింగ్ పౌడరు డబ్బా మెట్ల కింద ఉంది. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, బట్ట మీద మరక పోగొట్టేది చేతి మీద మరక పోగొట్టదా అనుకున్నాను. ముద్దలా కలిపి, కిటికీ లేని స్నానాల గదిలో కూర్చోబెట్టి, అరచేతులకీ వేళ్ళకీ పట్టించాను. అక్క మంటగా ఉందే అంది. ఇంకాస్త ఓర్చుకో అన్నాను. మళ్ళీ మంటే అంది. మళ్ళీ అదే మాట అన్నాను. ఓర్చుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నా చేతులు నా ముందు చాపే ఉంచింది.

కడిగేసరికి గోరింటాకు పోయింది. దాంతోపాటు పైతోలు కూడా చోటు చోటునా పోయింది. ఆ ఘాటుకి కళ్ళు వాచిపోయి రెప్పలు సగమే తెరుచుకుంటున్నాయి.

వ్యానులో నేనూ ఎక్కాను. జూబ్లీహిల్స్ మేడ వరండాలో మేకప్ బాబాయి పెట్టె తెరుచుకుని ఉన్నాడు. అక్క చేతులు చూసి ఆయన పఫ్ కింద పడేశాడు. సంగతి విన్నాక ఆయన తిట్టలేదు, మెల్లగా అన్న మాటే నాకు ఇవాళ్టికీ వినిపిస్తుంది. "చేతులు ఆ రోజే తీసేశాం కదే తల్లీ. ఇవాళ కావలసింది ముఖం. చేతులు కొంగులో చుట్టుకుని వచ్చినా సరిపోయేది."

చల్లటి పాలల్లో దూది ముంచి కళ్ళ మీద పెట్టి మధ్యాహ్నం దాకా చూశారు. వాపు తగ్గలేదు. ఆ ఇల్లు సాయంత్రానికి ఖాళీ చేసి ఇవ్వాలి. డైరెక్టరుగారు రెండుసార్లు వచ్చి అక్క ముఖం వంక చూసి వెళ్ళారు. చివరికి వేరే చిన్న వేషానికి వచ్చిన ఒకావిడకి అక్క కోసం తెచ్చిన చీర కట్టించారు. అక్క వరండా మెట్టు మీద కూర్చుని, ఆ ఒక్క మాటా ఇంకొకరి నోట వింది. షాటు ఓకే అనగానే అందరితోపాటు ఆమె కూడా చప్పట్లు కొట్టబోయి, మంటకి ఆగిపోయింది.

ఇంటికొచ్చాక బావ అడిగితే, కంగారులో నేనే పూసుకున్నాను అని చెప్పింది. ఓనరమ్మకీ అదే చెప్పింది, చర్మం డాక్టరుకీ అదే. నా పేరు ఎక్కడా రానివ్వలేదు. నేను కూడా చెప్పలేదు. ఇన్నేళ్ళకి ఇదిగో, నా వయసువాళ్ళు మీరు చదువుతారని ఇప్పుడు చెబుతున్నాను.

ఆ చేతులు మళ్ళీ మునుపటిలా కాలేదు. మచ్చలు పడి, ప్రతి చలికాలం పగిలి రసి కారేవి. గంజి, మీగడ, నూనె, అన్నీ మళ్ళీ మొదలుపెట్టాను. పన్నెండేళ్ళు చేసింది ఒక్క గంటలో పోయింది గానీ, ఆ గంటలో పోయింది తర్వాత ఇరవయ్యేళ్ళు చేసినా రాలేదు. కంపెనీ వ్యాను మా వీధిలోకి రావడం మానేసింది. పుండ్లు మానీ మానని రోజుల్లోనే ఒకనాడు నేను అన్నం కలపబోతే అక్క కంచం లాక్కుని, ఆవకాయ వేసుకుని తన చేత్తో కలుపుకుంది. పగుళ్ళలో కారం దిగి కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. కాయ కారంగా ఉందే ఈసారి, అంది. ముద్ద వదల్లేదు. కంచం ఖాళీ అయ్యేదాకా తింది.

ఆ తర్వాత నాకు పెళ్ళయి రెండు వీధుల అవతలే కాపురం పెట్టాను. ప్రతి ఆషాఢంలో అక్క చేతులు కడుక్కుని వచ్చి నా ముందు చాపేది. నేను రోలు ముందు కూర్చోవడానికే వెనకాడేదాన్ని. ఆమె వదిలేది కాదు, "పెట్టవే, ఇప్పుడు ఇవి నావేగా" అనేది. మచ్చలున్న చోట నల్లగా, లేని చోట పాలిపోయి, ఒక్కసారీ సరిగ్గా పండలేదు. అలా పండని చేతులే వీధంతా తిప్పి చూపించేది. అలా ఒక ఏడాది పెట్టినవే చివరివి. తర్వాతి ఆషాఢానికి ఆమె లేదు.

ఇప్పుడు రహమత్ నగర్‌లో ఆ వాటాలూ లేవు, మైదాకు చెట్టూ లేదు. గోరింటాకు కోను రూపంలో వస్తోంది, అయిదు నిమిషాల్లో పండుతుందట. ఫిలింనగర్ బండలన్నీ కొట్టేసి మేడలు లేపారు. చేతులు బాగోకపోయినా, ముఖం మీద మచ్చలున్నా ఇప్పుడు మిషన్లో సరిచేసేస్తారని మా అల్లుడు చెప్పాడు. మంచిదే. ఎవరూ చేతులకి మేజోళ్ళు తొడుక్కుని పడుకోనక్కర్లేదు, ఎవరూ ఎవర్నీ ఓర్చుకోమననక్కర్లేదు. మా మనవరాలి సీసాల్లో దేన్లో ఏముందో మాత్రం నాకు భయమే. పూసుకునే ముందు చెవి వెనకాల కొంచెం రాసి చూసుకోవే అని ప్రతిసారీ అంటాను, అది నవ్వుతుంది.

సినిమా చివరికొచ్చింది. నేను చిక్కుడుకాయలు పక్కన పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని చూశాను. పసిబిడ్డ ఏడుస్తోంది. రెండు చేతులు ముందుకు వచ్చి అందుకున్నాయి. మచ్చ లేదు, గీత లేదు, పాలమీగడలా నిగనిగలాడుతున్నాయి. తర్వాత ముఖం వచ్చింది.

మనవరాలు ముఖం మీద కాగితం ఊడదీసుకుంటూ, "అమ్మమ్మా, ఆవిడ చేతులకీ ముఖానికీ కలర్ మ్యాచ్ అవ్వలేదు, చూశావా" అంది.

ఇన్నేళ్ళకి ఒక్కరు కనిపెట్టారు. ఆ చేతులు మీ పెద్దమ్మమ్మవే అని చెప్పాను. అది లేచి కూర్చుంది. మరి పెద్దమ్మమ్మ ముఖం ఏ సినిమాలో ఉంది, పెట్టుకుని చూద్దాం అని ఫోను తీసింది.